నీటిగాజు పొర

మజ్జిగ చిలికే మోటారుతో కెమిస్ట్రీ ఏమిటని నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. కోదాడలో ఆ ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో నీరజ చేస్తున్నది మాత్రం అదే. సూర్యాపేటలో స్టీలు సామాన్ల కొట్టులో కొన్న మోటారు. దాని కవ్వం పీకేసి, చివర వంచిన గాజు కడ్డీ బిగించింది. వేగం తగ్గించడానికి పాత ఫ్యాను రెగ్యులేటరు కలిపింది. పక్క బల్లల మీద కాలేజీ గొప్పగా కొన్న మాగ్నెటిక్ స్టిర్రర్లు తెల్లగా తళతళలాడుతూ వరసగా ఉన్నాయి. ఏం లాభం? వాటిలో అడుగున ఒక అయస్కాంతం తిరుగుతూ బీకరులో వేసిన చిన్న కడ్డీని తిప్పుతుంది. నీరజ బీకరులో ఉన్నదేమో ఇనుప ఖనిజపు నల్లపొడి. స్విచ్ వేశారో, పొడంతా పోయి ఆ కడ్డీకి అతుక్కుని కూర్చుంటుంది. ఇక కలిపేదేమిటి, చిలికేదేమిటి!

ఆ పొడిలో ఒక్కో రేణువు కంటికి ఆననంత చిన్నది. దాని చుట్టూ గాజులాంటి సిలికా పొర కట్టాలి. పొర పూర్తిగా కడితే దాని మీద ఫ్లోరైడ్‌ను పట్టుకునే మందు ఎక్కించి బోరు నీళ్లలో కలపవచ్చు. పనయ్యాక బయటి నుంచి అయస్కాంతం పెట్టి పొడంతా పక్కకు లాగేయవచ్చు. పొరలో సందు ఉంటే మాత్రం లోపలి ఇనుము నీళ్లలోకి దిగుతుంది. ఆ సిలికా కూడా కొన్నది కాదు. మిర్యాలగూడ రైసుమిల్లు బాయిలర్లో మిగిలిన ఊక బూడిదను ల్యాబు కొలిమిలో తెల్లబడేదాకా మళ్లీ కాల్చి, కాస్టిక్ సోడాతో ఉడకబెట్టి తీసిన చిక్కటి ద్రవం. దాన్ని నీటిగాజు అంటారు. మందుల షాపులో కొన్న సెలైన్ పైపుతో ఆ నీటిగాజును చుక్క చుక్కగా వేడినీళ్లలోని నల్లపొడి మీదికి వదలాలి, పక్కన పలచటి యాసిడ్ కూడా అంతే నిదానంగా పడుతుండాలి. ఓపిక పడితే రేణువు మీద పొర మీద పొర కూర్చుంటుంది. ఒక్కసారిగా ఒలకబోస్తే సిలికా విడిగా పెరుగులా తోడుకుంటుంది, నల్లపొడి నల్లపొడిగానే మిగులుతుంది.

సోమవారం పొద్దున నుంచి నీరజ ఆ సెలైన్ చక్రం మీద వేలు పెట్టుకుని నిలబడే ఉంది. ఫిజిక్స్ చెప్పే వందన మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చి, స్టాండుకు వేలాడుతున్న సీసానూ నీరజ ముఖాన్నీ మార్చి మార్చి చూసింది.

"ఏమ్మా డాక్టరమ్మా, పేషెంటుకెట్లా ఉంది? సెలైన్ ఇంకా ఎక్కుతూనే ఉందా?"

"ఇంక ఉన్నది. నువ్వు తిను, నేను జర ఆగి తింట."

"పసిపిల్లనైనా ఇట్లా కనిపెట్టుకుని ఉండరే తల్లీ." వందన స్టూలు లాక్కుని కూర్చుని డబ్బా మూత తీసింది. "సార్‌ని అడిగావా?"

"అడిగిన. శుక్రవారం ప్రాజెక్టు ఇచ్చెటోళ్ల టీమ్ వస్తది, శాంపిల్ మంచిగ సూపియ్యి, తర్వాత నీ కాయితాల సంగతి సూద్దాం అన్నడు."

"చూద్దాం అన్నాడా? అయితే అయినట్టే. నావి ఐదేళ్ల నుంచి చూస్తూనే ఉన్నాడు."

కాయితాలంటే ఒరిజినల్స్. పదో తరగతి మెమో మొదలుకొని ఎమ్మెస్సీ పట్టా దాకా, కులం సర్టిఫికెట్టుతో సహా. ఉద్యోగంలో చేరిన రోజున ఇన్‌స్పెక్షన్ కోసమని తీసుకుంటారు. ఆ ఇన్‌స్పెక్షన్ మాత్రం ఏనాటికీ అయిపోదు. డైరెక్టర్ భాస్కర్ గదిలో ఆకుపచ్చ ఇనుప బీరువా ఉంది, స్టాఫ్ అందరి చదువులూ అందులోనే ఉన్నాయి. మ్యాథ్స్ చెప్పిన ఒకతను విసిగిపోయి కాయితాలు లేకుండానే వెళ్లిపోయాడు. ఇప్పుడు హుజూర్‌నగర్లో ఇంటింటికీ తిరిగి ట్యూషన్లు చెప్పుకుంటున్నాడు. అతని కథ కొత్తగా చేరినవాళ్లందరికీ ఎవరో ఒకరు చెబుతారు, దయ్యం కథ చెప్పినట్టు.

నీరజకు హైదరాబాదులో ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థలో పని వచ్చింది. అక్కడ చేరితే పీహెచ్‌డీ కూడా చేయవచ్చు. వచ్చే సోమవారం చేరాలి. ఒరిజినల్స్ లేకపోతే చేర్చుకునేది లేదని ఫోనులో ఖండితంగా చెప్పారు. ఒకసారి బతిమాలి గడువు తీసుకుంది, రెండోసారి ఇవ్వరు. ఇది పోతే ఇక ఫస్టియర్ పిల్లలకు పిపెట్టు ఎలా పట్టుకోవాలో చెబుతూ ఈ గోడల మధ్యే తల నెరవాలి. 

"శాంపిల్ మంచిగ వస్తే ఇయ్యక ఏం జేస్తడు?" అంది నీరజ, చక్రాన్ని ఒక వెంట్రుకవాసి తిప్పి.

వందన కలిపిన ముద్ద ఒకటి నీరజ నోటి దగ్గరికి చాపింది. నీరజ వేలు తీయకుండానే నోరు తెరిచింది.

మంగళవారం భాస్కర్ స్వయంగా ల్యాబుకు వచ్చాడు. మిర్యాలగూడలో రెండు తరాలుగా మిల్లు నడిపే కుటుంబం వాళ్లది. పొలాలు, మిల్లు, ఆ తర్వాత ఈ కాలేజీ. ఆయన కూడా ఎప్పుడో కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేశాడు, ఆ సంగతి ఎవరినీ మరిచిపోనివ్వడు. చెడ్డవాడని తనను తాను ఏనాడూ అనుకోడు. ఆడస్టాఫ్ అందరినీ అమ్మా అంటాడు, దసరాకు ఇంటింటికీ మిఠాయి డబ్బా పంపిస్తాడు.

"ఇంక సుక్కలేనా అమ్మా?" అన్నాడు బీకరులోకి తొంగిచూసి. "గిట్ల సుక్క సుక్క పోసుకుంట కూసుంటే శుక్రవారం దాక అయితదా?"

"రేపటికల్ల అయిపోతది సార్. తర్వాత కడిగి ఆరబెట్టుడే. తొందరపెడితే పొర కట్టదు."

"మేం సదువుకోలేదా కెమిస్ట్రీ? సోల్-జెల్ అంటే ఏందీ, ముందుగాల పల్సగ ఉండేది గడ్డకట్టుడే గద." మోటారు వైపు చూసి మూతి విరిచాడు. "వచ్చెటోళ్లు పెద్ద పెద్దోళ్లు. గీ మజ్జిగ మిషన్ సూస్తే నవ్విపోతరు. శుక్రవారం దీన్ని బల్ల కింద పెట్టు."

"సరే సార్." తర్వాత, ధైర్యం కూడగట్టుకుని, "సార్, నా ఒరిజినల్స్..." అంది.

భాస్కర్ ఆ మాట వినలేదన్నట్టు ఫోను చూసుకున్నాడు. చూసుకుని జేబులో పెట్టుకుని, గుర్తొచ్చినట్టు నవ్వాడు.

"మొన్న మిల్లుకు పోయిన్నాడు మీ నాయిన కనిపిచ్చిండు. బాయిలర్ కాడ. రూప్లా అంటే మంచోడమ్మా. ఇన్నేండ్ల సంది సూస్తున్న, ఎదురు మాట్లాడిండా అంటే లేదు. సెప్పిన పని సెప్పినట్టు జేస్తడు."

ఆ మాటలో తిట్టు లేదు, బెదిరింపు లేదు. అయినా నీరజకు చెంప మీద కొట్టినట్టే అనిపించింది. తలూపింది. ఆ తలూపినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

బుధవారం మధ్యాహ్నానికి సెలైన్ సీసా ఖాళీ అయింది. నీరజ నల్లపొడిని బీకరు అడుక్కి అయస్కాంతంతో లాగి, పైన తేరిన నీళ్లు వంపి, మళ్లీ మంచినీళ్లు పోసి కడిగింది. మొదట వంపిన నీళ్లు కొంచెం మసకగా ఉన్నాయి, అంటే కాస్త సిలికా విడిగా తిరుగుతోందన్నమాట. కడగగా కడగగా నీళ్లు తేటబడ్డాయి. పొడి రంగు మారింది. మునుపు బొగ్గు నలుపు, ఇప్పుడు తడి బూడిద ఛాయ. దాన్ని గాజు పళ్లెంలో ఓవెన్లో పెట్టి, మిగిలిన నీటిగాజు సీసానూ పొర కట్టని నల్లపొడినీ బల్ల మీదే ఉంచి ఫస్టియర్ క్లాసుకు పరిగెత్తింది.

క్లాసు అయి తిరిగి వచ్చేసరికి ల్యాబులో భాస్కర్ ఉన్నాడు, చొక్కా చేతులు మడిచి. ఆయన ముందు మాగ్నెటిక్ స్టిర్రరు. దాని మీద పెద్ద బీకరు. అందులో పాలలా తెల్లటి ద్రవం.

"సూడమ్మా!" అన్నాడు, ముఖమంతా వెలుగు. "నువ్వు మూడ్రోజులు జేసిందాన్ని గంటల జేసిన. తెల్లగ ఎట్ల వచ్చిందో సూడు. పొర అంటే గట్ల ఉండాలె."

నీరజ దగ్గరికి వెళ్లి బీకరు అడుగున చూసింది. అనుకున్నంతా అయింది. నల్లపొడి అంతా ఆ తిరిగే కడ్డీకి పట్టి, బొంతపురుగులా ముళ్లు ముళ్లుగా నిలబడి ఉంది. పైన ఉన్న తెలుపు ఉత్త సిలికా, దానికీ ఇనుముకూ ఏ సంబంధమూ లేదు. మిగిలిన నీటిగాజు మొత్తం ఒక్కసారే పోసినట్టున్నాడు, సీసా బోర్లా పడుకుని ఉంది.

"సార్, ఇండ్ల పొర కట్టలేదు. నల్లది మొత్తం కడ్డీకి అతుక్కున్నది. ఈ తెల్లది ఇడిగ ఉన్నది."

"గియ్యన్ని నాకు జెప్తున్నవా? ఆరబెట్టి కల్వంల నూరితే మొత్తం ఒక్కటైతది." తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "శుక్రవారం గిదే సూపిద్దాం. ఎక్కువున్నది, మంచిగ కనవడతది. అయస్కాంతం పెట్టి గుంజి సూపియ్యి, సాలు. నీ మిగతా పెత్తనాలు వద్దు."

ఒకరు అతి జాగ్రత్తగా చేసిన పనిని ఇంకొకరు అతి ఉత్సాహంగా పాడు చేస్తుంటే చూస్తూ నిలబడటం కంటే నరకం లేదు. కల్వంలో వేసి నూరుతుంటే నలుపూ తెలుపూ కలిసి పైకి అచ్చం ఆమె పొడిలాగే బూడిదరంగుకు వచ్చాయి. చూపుకు ఏ తేడా లేదు. అదే ఆమెకు మరీ మంటగా ఉంది.

గురువారం సాయంత్రం, కాలేజీ బస్సులు కదిలేవేళ, నీరజ తన పొడిని పరీక్షించింది. చిటికెడు తీసి చిన్న సీసాలో వేసి, గాఢమైన హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోసి బల్ల మీద పెట్టింది. పొరలో ఎక్కడ సందున్నా యాసిడ్ లోపలికి దూరి ఇనుమును కరిగిస్తుంది, నీళ్లు పసుపు పచ్చబడతాయి. ఉత్త నల్లపొడి అయితే ఇట్టే తెలిసిపోతుంది. ఆమె కుర్చీలో ఒక కాలు మడిచి కూర్చుని చూస్తూనే ఉంది. వందన కూడా తన బస్సు వదిలేసుకుని వచ్చి పక్కన నిలబడింది.

యాసిడ్ తేటగానే ఉంది. వందన కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుగులో పట్టి చూసింది. తేటగానే ఉంది. ఆమె టీ తాగి వచ్చింది, బల్లలు తుడిచే ఆండాళు వచ్చి తుడిచి వెళ్లింది, అప్పటికీ పచ్చదనం జాడ లేదు.

"కట్టిందే!" అని వందన ఆమె భుజం మీద ఒక్కటి చరిచింది. "నీ మజ్జిగ మిషన్ మండ, కట్టిందే!"

నీరజకు ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుంది. ఇంకో సీసాలో ఆ పొడి కొంచెం నీళ్లలో కలిపి మూత బిగించి కోటు జేబులో వేసుకుని, భాస్కర్ గదికి దాదాపు పరుగున వెళ్లింది. సార్ చేసింది పక్కన పెట్టి ఇది చూపిద్దాం, ఇది నిజంగా వచ్చింది, పేరు మీదే వేసుకోండి, నా కాయితాలు నాకివ్వండి. ఈ నాలుగు మాటలూ దారిలోనే కూర్చుకుంది.

ఆమె నోరు తెరవకముందే భాస్కర్ మొదలుపెట్టాడు. చాలా సంతోషంగా ఉన్నాడు.

"రా రా అమ్మా. నేనే పిలుద్దాం అనుకున్న. టీమ్ల వచ్చే మేడం తోటి మాట్లాడిన. రేపు శాంపిల్ మంచిగుంటే ప్రాజెక్టు మనకే అన్నట్టు. మూడేండ్లది. నీ పేరు రాసిన అండ్ల, నా పేరు కింద."

"సార్, మరి నా ఒరిజినల్స్... సోమవారం నేను హైదరాబాద్ల..."

"ఇంక గదేనా నువ్వు?" ఆయన చిన్నబుచ్చుకున్నట్టు చూశాడు. "నీ పేరు మీద ప్రాజెక్టు వస్తుంటే నువ్వు లేకపోతే ఎట్లమ్మా? గా పొడి ఎవరు జెయ్యాలె, నేనా? మూడేండ్లు ఎటు పోయేది లేదు. మంచిగ చెయ్యి, జీతం కూడ సూద్దాం. కాయితాలు ఏడికి పోతయ్? నీయి బీరువాల సల్లగ ఉన్నయ్."

నీరజ చెయ్యి జేబులోనే ఉంది, సీసా చుట్టూ. అది వెచ్చగా ఉంది, ఆమె వేళ్ల వేడికి.

అప్పుడు అర్థమైంది ఆమెకు. శాంపిల్ బాగా రాకపోతే వచ్చేదాకా ఉంచుతారు. బాగా వస్తే వచ్చింది కాబట్టి ఉంచుతారు. ఇన్ని రోజులు చుక్క చుక్కగా తాను కట్టుకున్నది తన చుట్టూతానే. ఈ మనిషికి అక్కరకొచ్చినంతకాలం ఆ బీరువా తెరుచుకోదు.

"ఏందో సెప్తందుకొచ్చినవ్?" అన్నాడు భాస్కర్.

"ఏం లేదు సార్," అంది నీరజ. సీసా జేబులోనే ఉండిపోయింది.

శుక్రవారం టీమ్ వచ్చింది. టీమ్ అంటే ఇద్దరు, అసలు మాట్లాడేది ఒకరే, దీప్తి అనే సైంటిస్టు. సన్నగా, నూలు చీరలో, కళ్లద్దాలు తల మీదికి ఎత్తుకుని. బిస్కెట్లు, జీడిపప్పు పెట్టిన పళ్లేలను పక్కకు జరిపి నేరుగా బల్ల దగ్గరికి వచ్చింది. మజ్జిగ మోటారు బల్ల కింద ఉంది. పైన తళతళలాడే స్టిర్రర్లు ఉన్నాయి. భాస్కర్ పొడి పెద్ద సీసాలో, పేరు అచ్చువేసిన లేబులుతో ఉంది.

నీరజ ఆ పొడిని నీళ్లలో కలిపి పక్కన అయస్కాంతం ఆనించింది. నల్లది గబగబా గోడకు పాకింది, నీళ్లు మాత్రం మసకగా ఉండిపోయాయి. భాస్కర్ "సూసిన్రా మేడం!" అన్నాడు. ఆయన వెంట వచ్చిన స్టాఫ్ ఇద్దరు ముగ్గురు చప్పట్లు కొట్టారు.

దీప్తి కొట్టలేదు. కళ్లద్దాలు కిందికి దించుకుని సీసాను వెలుగులో తిప్పి చూసింది.

"లాగుతోంది, సరే. పొర లేకపోయినా లాగుతుంది కదండీ. పైన ఈ మసక ఏమిటి?" అంది. "యాసిడ్ టెస్టు చేశారా?"

భాస్కర్ నీరజ వైపు చూశాడు. యాసిడ్ పోస్తే ఏమవుతుందో ఆయనకు పట్టదు, ఆ పొడి మీద ఆయనకు అంత నమ్మకం. "ఎందుకు చెయ్యం మేడం? సెయ్యమ్మా, సూపియ్యి."

బల్ల మీద ఆయన సీసా. కోటు జేబులో ఆమె సీసా. ఎదురుగా వందన నిలబడి కళ్లతోనే అరుస్తోంది: తియ్యి, జేబులోది తియ్యి. తీస్తే చాలు. ఈ దీప్తి మేడం ముఖం విప్పారుతుంది. ఎవరు చేశారు, ఎలా చేశారు, ఏ మోటారుతో, అన్నీ అడుగుతుంది. జీవితంలో మొదటిసారి తన పనిని చూసి అర్థం చేసుకోగల మనిషి అడుగు దూరంలో ఉంది. ఆ ఆశ నీరజను ఎంత లాగిందో చెప్పలేం. వేళ్లు జేబు అంచు దాకా వెళ్లాయి.

అక్కడి నుంచి వెనక్కి తీసుకుని బల్ల మీది సీసా అందుకుంది. ఆ పొడి చిటికెడు వేసి, యాసిడ్ పోసి, దీప్తి ముందు పెట్టింది.

 ముందు అడుగున లేత పసుపు గీతలా లేచింది. అది పైకి పాకి, సీసా అంతా పసుపునీళ్లలా పచ్చబడింది. అడుగున తెల్లటి మడ్డి ఒక్కటే మిగిలింది.

"కరిగిపోయింది," అంది దీప్తి మెల్లగా. "అసలు పొరే లేదండీ ఇందులో. రెండు పొడులు కలిపి నూరినట్టుంది. ఎవరు తయారు చేశారిది?"

"ఈ అమ్మాయే మేడం," అన్నాడు భాస్కర్ వెంటనే. ఒక్క క్షణం కూడా తడబడలేదు. "మొత్తం ఈమె చేతి పనే. మేం నమ్మినం. సెప్పిన, ఒకటికి పదిసార్లు సెప్పిన, తొందరపడకు అని."

వందన నోరు తెరిచింది. నీరజ ఆమె వైపు చూసింది, ఆ చూపుకు వందన తెరిచిన నోరు మూసుకుంది.

"మీరేనా?" అని దీప్తి నీరజను అడిగింది.

నీరజ తల వంచుకుంది. ఔనందో కాదందో ఆ తల చూసి చెప్పడం కష్టం.

"ఈమెను తీసేస్తున్నం మేడం," అన్నాడు భాస్కర్. ఆయన నుదుట చెమట పట్టింది. "వేరే మంచి క్యాండిడేట్‌ను పెట్టి మళ్ల జేపిస్తం. మాకు ఒక్క ఛాన్స్ ఇయ్యున్రి. ఈమెకు ఈ కాలేజీల ఇయ్యాల్టితోని ఖతం."

అప్పుడు నీరజ తలెత్తింది. మాట స్పష్టంగానే వచ్చింది.

"తీసేస్తే నా ఒరిజినల్స్ ఇయ్యాలె గద సార్."

దీప్తి ఆశ్చర్యంగా భాస్కర్ వైపు తిరిగింది. "ఒరిజినల్స్ మీ దగ్గరున్నాయా?"

"అయ్యో, ఊకెనే... ఇన్‌స్పెక్షన్ కోసమని..." భాస్కర్ నవ్వడానికి ప్రయత్నించాడు. "ఇస్తం, ఎందుకియ్యం? ఇయ్యాల్నే ఇస్తం."

"ఇవ్వండి మరి," అంది దీప్తి. బ్యాగు సర్దుకుంది గానీ కదల్లేదు. కారుకు ఇంకా టైముందంటూ, ఇందాక వద్దన్న టీ ఇప్పుడు ఇమ్మంది.

బీరువా తెరిచినప్పుడు వచ్చిన కిర్రుమనే చప్పుడు నీరజ బతికినన్నాళ్లూ మరిచిపోదు. భాస్కర్ ఫైలు తీసి బల్ల మీద విసిరాడు. గది తలుపు మూసి ఉంది, బయటివాళ్లకు వినిపించనంత గొంతుతో మాట్లాడాడు.

"రిజర్వేషన్ల మీద వచ్చిన సదువు గిట్లనే ఉంటది. మీ తండాలకెళ్లి ఒక్కదాన్ని పైకి తెద్దాం అనుకున్న సూడు, నాది బుద్ధి తక్కువ. ఇగ మీ వాళ్లను ఒక్కల్ని తీస్కోను. తీస్కపో."

తనను ఎంత అన్నా పడేది. ఇగ మీ వాళ్లను ఒక్కల్ని తీస్కోను అన్న మాట మాత్రం గుండెలో దిగబడింది. ఫైనలియర్లో మౌనిక ఉంది, తమ తండా పిల్లే, ఇక్కడే ల్యాబులో చేరాలని ఆశపడుతోంది. జేబులో సీసా తీసి ఈయన ముఖం ముందు పెట్టి, యాసిడ్ పోసి, చూడు అనాలని ఆమె ఒళ్లంతా కొట్టుకుంది. అన్న మరుక్షణం ఆ ఫైలు మళ్లీ బీరువాలోకి పోతుందని కూడా తెలుసు. నీరజ ఒక్కో కాయితం తీసి చూసుకుంది. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ, ఎమ్మెస్సీ, కులం. అన్నీ ఉన్నాయి. "వస్త సార్," అంది. అలవాటు మనిషిని వదలదు కదా.

మెట్ల దగ్గర వందన ఆమెను పట్టుకుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పిచ్చిదానా! జేబులో పెట్టుకుని ఎట్లా ఊరుకున్నావే? ఊరంతా నీకు పని రాదంటారు."

"అననియ్యి."

"నాకైతే చేతనయ్యేది కాదు." వందన ఫైలు మీద చెయ్యి వేసి, దాన్ని ఒకసారి నిమిరింది. తన కాయితాలనే నిమిరినట్టు నిమిరింది. "పో. నిలబడకు. మళ్లీ ఏం ఆలోచన మారుతుందో ఆయనకి. పో."

"మౌనికకు నేర్పియ్యి. మోటారు బల్ల కింద ఉన్నది," అంది నీరజ, మెట్లు దిగుతూ.

కోదాడ నుంచి మిర్యాలగూడ బస్సు హుజూర్‌నగర్ మీదుగా ఎండలో ఊగుతూ వచ్చింది. నీరజ ఫైలును ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకునే కూర్చుంది. టికెట్ తీసుకోవడానికి కూడా ఒక్క చెయ్యే వదిలింది. రాత్రి బండికి హైదరాబాదు పోవాలి, ముందు నాయినను చూడాలి.

మిల్లు గేటు ముందు లారీలు బారులు తీరి ఉన్నాయి. గాలిలో ఉడికిన వడ్ల వాసన. బాయిలర్ షెడ్డు వెనక రూప్లా పారతో ఊక ఎగదోస్తున్నాడు, తలకు తువ్వాలు, కనుబొమ్మల మీద కూడా బూడిద. కూతుర్ని చూసి పార పక్కన పెట్టి గోడ నీడకు వచ్చాడు, ఇద్దరూ కూర్చున్నారు. ముందు వాళ్ల భాషలో తిన్నావా అని అడిగాడు. తిన్నానని అబద్ధం చెప్పింది. షెడ్డులో వింటున్నవాళ్లున్నారు. రూప్లా తెలుగులోకి మారాడు.

"కాయితాలు ఇచ్చిండా?"

"ఇచ్చిండు బాపు."

రూప్లా చేతులు చూసుకున్నాడు. తువ్వాలు విప్పి, అరచేతులూ వేళ్ల సందులూ తుడుచుకుని, అప్పుడు ఫైలు మీద చెయ్యి పెట్టాడు. తెరవలేదు. చదవడం రాదు ఆయనకు. బరువు చూసినట్టు కొంచెం పైకెత్తి మళ్లీ ఆమె ఒళ్లో పెట్టాడు.

"జరసేపటి సంది మేస్త్రి ఒకటే నవ్వుడు," అన్నాడు. "కోదాడకెళ్లి ఫోనొచ్చిందంట. నీ బిడ్డ పొడి మొత్తం కరిగిపోయిందంట గద, ఏం సదివిపిచ్చినవ్ రూప్లా అన్నడు. అందరి ముంగట."

నీరజ తల దించుకుంది. తాను ఇక్కడికి రావడానికి ఒక పూట పట్టింది, ఆ మాట మాత్రం నాయిన దగ్గరికి తనకంటే ముందే వచ్చి కూర్చుంది.

"నువ్వేమన్నవ్?"

"నేనేమంట? నాకు తెల్వదు గద."

ఆమె జేబులోంచి సీసా తీసింది. బ్యాగులోంచి అయస్కాంతం తీసి పక్కకు ఆనించింది. బూడిదరంగు నీళ్లలో కదలిక వచ్చింది. పొడి అంతా మెల్లగా ఒక పక్కకు చేరి, అయస్కాంతం ఉన్నచోట నల్లటి మచ్చలా నిలిచింది. మిగిలిన నీళ్లు తాగాలనిపించేంత తేటగా ఉన్నాయి.

"నువ్వు పంపిన బూడిదనే బాపు. ఇంటికాడ నూనె సీసాకు బిరడ బిగిసినట్టు, ఒక్కొక్క దానికి సుట్టూ పొర బిగిసింది. యాసిడ్ పోసినా కరగలే."

రూప్లా సీసా చేతిలోకి తీసుకున్నాడు. అయస్కాంతం తీసి, ఊపి, మళ్లీ తనే పెట్టి చూశాడు. ముఖం విప్పారింది. చిన్నపిల్లవాడిలా మరోసారి ఊపాడు.

"మరి గిది సూపియ్యలేదా ఆళ్లకు?"

"లే."

"మరేం సూపిచ్చినవ్?"

"ఆళ్లు జేసింది ఆళ్లకు సూపిచ్చిన."

ఆ మాట అర్థం కావడానికి ఆయనకు కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక గట్టిగా ఊపిరి తీసుకుని లేచాడు. సీసా పిడికిట్లో పట్టుకుని షెడ్డు వైపు నడిచాడు, మేస్త్రి కూర్చున్న వైపు. ఆ నడకలో ఇన్నేళ్లుగా ఎవరికీ ఎదురు చెప్పని మనిషి లేడు.

"బాపు!" అని పిలిచింది నీరజ. "సోమవారం దాక వద్దు. జాయిన్ అయ్యేదాక సార్‌కు తెల్వొద్దు."

రూప్లా ఆగిపోయాడు. ఎండలో అలాగే నిలబడ్డాడు. తర్వాత వెనక్కి వచ్చి, సీసాను ఆమె చేతిలో పెట్టి, ఆ చేతి వేళ్లను తన వేళ్లతో మూశాడు.

"నిన్నేమన్న అంటరా బాపు, నేను పోయినంక?"

"ఏమంటరు? ఈ మంట ముంగట నిలబడెటోడు ఇంకోడు దొరకాలె గద." తువ్వాలు మళ్లీ తలకు చుట్టుకున్నాడు. "జాయిన్ అయినంక ఫోన్ చెయ్యి బిడ్డా. గప్పుడు సెప్త మేస్త్రికి."

షెడ్డులోకి వెళ్లి పార అందుకున్నాడు. గేటు దాకా నడిచిన నీరజకు లోపలి నుంచి మేస్త్రి గొంతు వినిపించింది. "ఏమాయె రూప్లా, కరిగిపోయిందా నీ బిడ్డ సదువు?" అంటున్నాడు. నలుగురు నవ్వారు. నీరజ అక్కడే ఆగి, నాయిన ఏమంటాడా అని చెవులు రిక్కించింది.

పార ఊకలో దిగిన చప్పుడు వినిపించింది. మళ్లీ ఇంకోసారి వినిపించింది. ఆయన మాట మాత్రం రాలేదు.